జ్వాలను కాదు, పక్కనున్న లోయను చూడు

అమ్మాయీ,

వైవై జెమినోరం అనే జంట నక్షత్రపు ఎక్స్-కిరణాల డేటాలో పెద్ద జ్వాల, అంటే ఉన్నట్టుండి ఎగసిన వెలుగు, దొరికిందనీ, దాని శక్తి లెక్క కడుతున్నాననీ రాశావు. సంతోషమే. అయితే నువ్వు పంపిన పటంలో నా చూపు జ్వాల మీద నిలవలేదు. దాని ఎడమ పక్కన వెలుగు తగ్గిన ఒక చిన్న లోయ ఉంది, చూశావా? ఒక నక్షత్రం రెండోదాన్ని కప్పిన గ్రహణం అది. నువ్వు దాని గురించి ఒక్క మాటా రాయలేదు.

ముందు గంటలు చెరిపేసి, అడ్డగీత మీద కక్ష్యా దశ (ఒక చుట్టులో ఎన్నో వంతు గడిచిందో) పెట్టి మళ్లీ గీయి. జంటలోని రెండు నక్షత్రాలూ సూర్యుడిలో సుమారు 0.6 వంతు ద్రవ్యరాశి ఉన్న అరుణ మరుగుజ్జులు (చిన్న, చల్లని ఎర్ర నక్షత్రాలు), దాదాపు కవలలు. రెండు గ్రహణాలూ ఇంచుమించు ఒకే లోతున ఉంటాయి. కొత్తలో నేను ఇలాంటి కవల జంటకే సగం ఆవర్తన కాలాన్ని పూర్తి కాలమనుకుని మూడు వారాలు లెక్కలు వేశాను. ఎప్పుడు ఏ నక్షత్రం ముందుందో తెలియకుండా పోయింది, కాగితాలన్నీ చెత్తబుట్టకే. నీ జంటకు పూర్తి కాలం 0.814 రోజులు, అంటే పంతొమ్మిదిన్నర గంటలు. సమయాలను సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి సరిచేశావా? మరిచిపోతే, భూమి తన కక్ష్యలో అటూ ఇటూ జరగడం వల్ల, ఎనిమిది నిమిషాల దాకా తేడా వస్తుంది. ఆ తేడాను చూసి, జంటను అటూ ఇటూ లాగుతోందంటూ లేని మూడో నక్షత్రాన్ని కనిపెడతావు!

ఇక ఆ లోయ. ఎక్స్-కిరణాలు వచ్చేది నక్షత్రం చుట్టూ ఉండే లక్షల, కోట్ల డిగ్రీల వాయుపొర, కరోనా నుంచి. అది నక్షత్రాన్ని అంటిపెట్టుకుని ఉంటే గ్రహణంలో చాలావరకు మరుగుపడుతుంది, లోయ లోతుగా దిగుతుంది. దూరదూరంగా పరుచుకుని ఉంటే తోటి నక్షత్రం దాన్నంతా కప్పలేదు. దూరదర్శినిలో చుక్కగానైనా విడివడని చోట కొలబద్ద దొరికినట్టే కదా! 1997 ఆగస్టులో మరో గ్రహణ జంట ఆల్గాల్‌లో రేగిన ఒక జ్వాలను తోటి నక్షత్రం పూర్తిగా కప్పేసింది. జ్వాల దక్షిణ ధ్రువం దగ్గర ఉందనీ, దాని ఎత్తు నక్షత్ర వ్యాసార్ధంలో 0.6 వంతుకు మించదనీ ఆ గ్రహణమే చెప్పింది. నీ జ్వాల గ్రహణంలో పడకపోయినా, లోయ నీ చేతిలోనే ఉంది.

భ్రమణం ఎక్కువ కాబట్టి వెలుగు ఎక్కువ అని రాసిన వాక్యం కొట్టేయి. సూర్యుడు తన భూమధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు. నీ జంట నక్షత్రాలను ఆటుపోట్ల బలం కక్ష్యకు కట్టిపడేసింది, పంతొమ్మిదిన్నర గంటలకే ఒక చుట్టు. ఇంత వేగానికి ఎక్స్-కిరణాల వాటా మొత్తం కాంతిలో వెయ్యో వంతు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి వేగం పెరిగినా వాటా పెరగదు, సరళరేఖ గీయకు.

వ్యాసార్ధం నమూనా కన్నా కొన్ని శాతం పెద్దగా వచ్చిందని కంగారుపడకు. ఈ జంటల్లో అది మామూలే. అయస్కాంత క్షేత్రం లోపలి ఉష్ణ సంవహనాన్ని (వేడి వాయువు పైకి పొర్లడాన్ని) అణచడమే కారణమని తొందరపడి తేల్చేయకు. నక్షత్రం మీది మచ్చలు కాంతి వక్రాన్ని (కాలంతో వెలుగు మారే గీతను) వంచి నీ కొలతనే తప్పించగలవు.

దశతో గీసిన పటం పంపు, శక్తి అంకె తర్వాత. ఈసారి నిలువు గీత పక్కన ప్రమాణం రాయి.

ఇట్లు,
నీ మామయ్య