పట్టాలు తప్పిన రైలును క్రేనుతోనే ఎత్తుతారా?

ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. రైల్వేలో ముప్పై ఏళ్లు వ్యాగన్ల ఫిట్టరుగా పనిచేశాను, అందులో చాలా కాలం బ్రేక్‌డౌన్ గ్యాంగులోనే, అంటే దిగిన బండ్లను మళ్లీ పట్టాలెక్కించే జట్టులోనే ఉన్నాను. టీవీలో క్రేను కనబడుతుంది కాబట్టి అంతా దాని పనే అనుకుంటారు. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడో, కట్ట కిందికి దొర్లినప్పుడో 140 టన్నుల క్రేను రావలసిందే. కానీ అది పని మొదలుపెట్టాలంటే కరెంటు ఆపాలి, పైనున్న తీగలు పక్కకు జరపాలి. నాలుగు చక్రాలు దిగినదానికి అంత హంగామా ఎందుకు? మామూలుగా బండిని పట్టాలెక్కించేది హైడ్రాలిక్ జాకీలే. ఆ జాకీలను నిలబెట్టేది వాటి కింది చెక్క.

ఒక వానాకాలం రాత్రి సైరన్ మోగింది. మమ్మల్నీ సామాన్లనూ తీసుకెళ్లే రిలీఫ్ రైలు రాత్రిపూట 45 నిమిషాల్లో కదలాలి. అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తాను. చిన్న స్టేషన్‌లో లూప్ లైను (మెయిన్ లైను పక్కన బండ్లు ఆపే లైను) మీద బొగ్గు వ్యాగన్ ఒకటి దిగింది. ముందు ట్రాలీ, అంటే వ్యాగన్ కింద చక్రాలుండే బండి, దాని నాలుగు చక్రాలూ కంకరలో కూరుకుపోయాయి. నిండు వ్యాగన్, 81 టన్నుల పైమాట. దిగని చక్రాలకు అడ్డుచెక్కలు కొట్టాం. ట్రాలీని గొలుసులతో చట్రానికి బిగించాం. అలా కట్టకపోతే పైభాగం ఒక్కటే లేస్తుంది, చక్రాలు నేల మీదే ఉండిపోతాయి. పట్టాలకు అడ్డంగా దూలం వేసి, దాని మీద రోలర్ల బండ్లు, వాటి మీద జాకీలు పెట్టాం.

పంపు నడిపితే వ్యాగన్ లేవలేదు. పట్టా బయటికి వచ్చిన దూలం చివర నేలలోకి దిగింది. టార్చి వెలుతురులో దాని చుట్టూ బురదనీళ్లు బుడగలు బుడగలుగా పైకి వచ్చాయి. మేస్త్రి గారు పంపు ఆపించి అంతా విప్పించారు. బురద తోడి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, చెక్కలు ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్పించారు. గంటన్నర దానికే పోయింది. పక్క లైను మీద నిలబడి ఫోనుల్లో వీడియో తీస్తున్నవాళ్లు "ఇంకా ఎంతసేపు?" అని మమ్మల్నే అడగడం! ఆ లైను మీద బండి వస్తే వాళ్లను కాపాడే పని కూడా మాదే.

రెండోసారి చక్రాలు పట్టా మట్టం దాటి లేచాయి. పక్క జాకీ నెట్టగా అంత బరువూ అంగుళం అంగుళంగా జరిగింది. దింపేటప్పుడు మేస్త్రి గారి గొంతు ఒక్కటే వినబడాలి, ఇంకెవరూ నోరు విప్పకూడదు. చక్రాలు పట్టా మీద కూర్చునేసరికి తెల్లవారుతోంది.

ఇంతకీ నా బాధ చెక్క గురించే. వెనకటి రోజుల్లో పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపర్లలో పాతబడి తీసేసినవాటిని కోసి వాడుకునేవాళ్లం. కాంక్రీటు స్లీపర్లు వచ్చాక అవి దొరకడం మానేశాయి. చివరి సంవత్సరాల్లో మాకు వచ్చిన చెక్క మెత్తటిది, బరువు పడగానే నిలువునా చీలేది. జాకీలు ఎంత మంచివి కొని ఏం లాభం? ఇప్పుడు ఆ గ్యాంగుల్లో ఉన్న తమ్ముళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు ఎలాంటి చెక్క ఇస్తున్నారో కింద రాయండి.