అప్పీలు తీర్పుల మీద రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా రాష్ట్రాల అప్పీలు కోర్టుల తీర్పులను తెలుగులో రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో, డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుంటూ, అద్దె గొడవలూ విడాకులూ ఆస్తి తగాదాలూ అన్నీ ఇక్కడే తేల్చుకుంటున్న మనవాళ్ళకు ఈ కోర్టుల గురించి తెలిసింది చాలా తక్కువ. వాట్సాప్‌లో వచ్చిన ముక్క చూసి "గెలిచాడట", "ఓడిపోయాడట" అనుకుని వదిలేస్తారు. నువ్వు రాస్తే చదివేవాళ్ళున్నారు. అందుకే నిక్కచ్చిగా చెబుతున్నాను, మనసులో పెట్టుకోకు.

ట్రంప్ మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ వేసిన సివిల్ మోసం కేసులో 2025 ఆగస్టు 21న వచ్చిన తీర్పు గురించి రాశావు. "ట్రంప్‌కు పూర్తి ఊరట" అని శీర్షిక పెట్టావు. కేసు పూర్వాపరాలు చక్కగా చెప్పావు, డబ్బు లెక్కలు కూడా సరిగ్గానే ఉన్నాయి. కానీ పై కోర్టు ముందున్న ప్రశ్నలేమిటో వ్యాసంలో ఎక్కడా లేదు. అది లేకపోవడం వల్లే శీర్షిక తప్పింది.

ఆ కోర్టు ముందు ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. ఆస్తుల విలువలు పెంచి చూపినందుకు ట్రంప్, ఆయన కంపెనీలు బాధ్యులా కాదా? బాధ్యులైతే 2024 ఫిబ్రవరిలో కింది జడ్జి కట్టమన్న సొమ్ము న్యాయమైనదేనా? వడ్డీతో కలిపి 50 కోట్ల డాలర్లు దాటిన ఆ మొత్తాన్ని కోర్టు కొట్టేసింది. అంత జరిమానా, మితిమీరిన జరిమానాలు వద్దనే అమెరికా రాజ్యాంగం ఎనిమిదో సవరణకు విరుద్ధమంది. బాధ్యత సంగతికొస్తే కింది కోర్టు నిర్ణయాన్ని రద్దు చేయలేదు, వ్యాపారంపై పెట్టిన ఆంక్షలనూ తీసేయలేదు. ఆ రెండో సగం నీ వ్యాసంలో చివరి పేరాలో ఒక్క వాక్యం. ఫోన్‌లో చదివేవాళ్ళు చివరి పేరా దాకా రారమ్మా.

ఇంకో సంగతి. ఆ తీర్పు 323 పేజీలు. అయిదుగురు జడ్జీలు మూడు వేర్వేరు అభిప్రాయాలు రాశారు, ఏ ఒక్కదానికీ మెజారిటీ లేదు. ఇద్దరు బాధ్యతను సమర్థించి సొమ్ము వద్దన్నారు. మరో ఇద్దరు అసలు విచారణే మళ్ళీ జరగాలని అభిప్రాయపడ్డారు. మిగిలిన ఒకాయన కేసే నిలవదన్నారు. మళ్ళీ విచారణ కావాలన్న ఇద్దరూ, కేసు అక్కడే చిక్కుపడి ఉండకుండా దానికీ పైనున్న కోర్టుకు వెళ్ళడానికి దారి ఇవ్వాలని మొదటి ఇద్దరి ఉత్తర్వుతో కలిశారు. నా లెక్కన ఆ తీర్పులో అసలు వార్త ఇదే. "కోర్టు అంది" అని నువ్వు పదే పదే రాశావు. ఏ జడ్జి అన్నారు, ఆ మాటకు ఎందరు తోడున్నారు అన్నది చూడకుండా ఆ రెండు మాటలూ రాయకు. ఇరుపక్షాలూ అప్పీలుకు వెళ్ళాయి కాబట్టి ఇది చివరి మాట కూడా కాదు.

మన పాఠకుడు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చినవాడు. అతని మనసులో ఉన్న పై కోర్టు మన హైకోర్టు. అక్కడ మొదటి అప్పీలులో సాక్ష్యాలన్నీ మళ్ళీ తూకం వేస్తారు. కింది కోర్టు నమ్మిన సాక్షిని పై కోర్టు నమ్మకపోవచ్చు. పైగా మన దేశంలో జ్యూరీ విచారణలు పోయి దశాబ్దాలైంది. ఇక్కడ తీరు వేరు. వాస్తవాలు తేల్చేది జ్యూరీ, జ్యూరీ లేని కేసుల్లో విచారణ జడ్జి. అప్పీలు కోర్టులో సాక్షి ఉండడు, కొత్త కాగితం పెట్టడానికి దాదాపు వీలుండదు. న్యూజెర్సీ అప్పీలు విభాగంలో ఇద్దరో ముగ్గురో జడ్జీలు కూర్చుని, కింది కోర్టు రికార్డూ రెండు వైపుల లాయర్ల వాదనా చూసి, అక్కడ చట్టం సరిగ్గా అమలైందా అని ముఖ్యంగా చూస్తారు. తప్పు జరిగినా, ఫలితాన్ని మార్చేంత పెద్దది కాదనుకుంటే తీర్పును అలాగే ఉంచుతారు. ఈ తేడాను ప్రతి వ్యాసంలో రెండు వాక్యాల్లో చెప్పు. తెలిసినవాళ్ళకు విసుగనిపించినా ఫరవాలేదు, కొత్తగా చదివేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు.

క్రిమినల్ కేసుల్లో ఇది మరీ ముఖ్యం. హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ సంగతే తీసుకో. లైంగిక నేరాల కేసులో 2020లో న్యూయార్క్‌లో 23 ఏళ్ళ శిక్ష పడింది. 2024 ఏప్రిల్ 25న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 4-3 తేడాతో దాన్ని రద్దు చేసింది. ఆ రోజు మనవాళ్ళ గ్రూపుల్లో "నిర్దోషి అట" అని తిరిగింది. నిజానికి ఆ నలుగురు జడ్జీలు ఆయన నేరం చేశాడా లేదా అన్నది తేల్చనే లేదు. అభియోగాల్లో లేని ఘటనల గురించి వేరే మహిళల చేత సాక్ష్యం చెప్పించడం వల్ల విచారణ న్యాయంగా జరగలేదన్నారు, మళ్ళీ విచారించమన్నారు. మనిషి గత ప్రవర్తన చూపించి "ఇలాంటివాడు కాబట్టి ఇదీ చేసే ఉంటాడు" అని జ్యూరీ అనుకునేలా చేయకూడదన్నది న్యూయార్క్‌లో 1901 నాటి తీర్పుతో స్థిరపడిన నియమం. దానికి మినహాయింపులున్నాయి. ముగ్గురు జడ్జీలు ఈ కేసు ఆ మినహాయింపుల్లోకే వస్తుందంటూ గట్టిగా విభేదించారు. వైన్‌స్టీన్ ఇంటికీ వెళ్ళలేదు, ఎందుకంటే కాలిఫోర్నియాలో పడిన 16 ఏళ్ళ శిక్ష అలాగే ఉంది. 2025 జూన్‌లో మళ్ళీ జరిగిన విచారణలో జ్యూరీ ఒక ఆరోపణలో దోషి అంది, ఒకదానిలో కాదంది, మూడోదానిపై తీర్పు చెప్పలేకపోయింది.

దీని పక్కనే టీవీ హాస్యనటుడు బిల్ కాస్బీ లైంగిక దాడి కేసు పెట్టుకుని చదువు. 2021 జూన్ 30న పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు ఆయన శిక్షను రద్దు చేయడమే కాదు, మళ్ళీ విచారించడానికి కూడా వీల్లేదంది. కారణం, 2005లో అప్పటి జిల్లా ప్రాసిక్యూటర్ కేసు పెట్టనని మాటిచ్చాడు. ఆ మాట నమ్ముకుని ఆయన సివిల్ దావాలో వాంగ్మూలం ఇచ్చాడు. తరవాతి ప్రాసిక్యూటర్ అదే వాంగ్మూలాన్ని ఆయన మీద వాడాడు. తీర్పు వచ్చిన రోజే కాస్బీ విడుదలయ్యాడు. ఇక్కడ కూడా నేరం జరగలేదని కోర్టు అనలేదు. రెండూ రద్దులే, కానీ ఒకచోట మళ్ళీ విచారణ జరిగింది, ఇంకోచోట తలుపు పూర్తిగా మూసుకుపోయింది. రద్దు తరవాత ఏం జరగాలని కోర్టు ఆదేశించిందో నీ మొదటి పేరాలోనే ఉండాలి. ఫిర్యాదు చేసిన మహిళ కూడా ఆ వ్యాసం చదువుతుందని గుర్తుపెట్టుకో. "నిర్దోషి" అని నువ్వు అలవోకగా రాసిన మాటకు "ఆమె అబద్ధమాడింది" అనే అర్థం చెప్పుకునేవాళ్ళుంటారు. నేను దీని మీద ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

మన న్యూజెర్సీలో జరిగిన కేసు ఒకటి చెబుతాను. రట్గర్స్ విద్యార్థి ధరుణ్ రవి కేసు మనవాళ్ళ ఇళ్ళలో బాగా నలిగింది. హాస్టల్ గదిలో రూమ్మేట్ ఏకాంతాన్ని వెబ్‌క్యామ్‌తో చూశాడన్న కేసులో 2012లో జ్యూరీ మొత్తం 15 అభియోగాల్లోనూ దోషి అంది. 2015లో, వేరే కేసులో, రాష్ట్ర సుప్రీం కోర్టు, రవి మీద కూడా మోపిన ద్వేష నేరాల చట్టంలోని ఒక భాగాన్ని కొట్టేసింది. నిందితుడి ఉద్దేశంతో పని లేకుండా, బాధితుడు ఏమనుకున్నాడన్న దాన్ని బట్టి శిక్షించడం రాజ్యాంగ విరుద్ధమంది. దాంతో 2016 సెప్టెంబరులో అప్పీలు విభాగం రవికి పడ్డ శిక్షను పూర్తిగా రద్దు చేసింది. ఒక భాగం పోతే మిగతా అభియోగాలెందుకు పోవాలి? బాధితుడి మనసులో ఏముందో చూపడానికి తెచ్చిన సాక్ష్యాలు మొత్తం విచారణను ప్రభావితం చేశాయి కాబట్టి. మిగతా వాటిపై కొత్త విచారణకు పంపారు. ఆ అక్టోబరులో అతను ఒక అభియోగానికి నేరం ఒప్పుకోవడంతో కేసు ముగిసింది. ఆ తీర్పు పాతదే అయినా చదివి తీరాలి. ఒకచోట జరిగిన చట్టపరమైన తప్పు మిగతా విచారణకు ఎలా పాకుతుందో అంత స్పష్టంగా చూపే తీర్పులు తక్కువ.

తీర్పు చదివే పద్ధతి గురించి అడిగావు. న్యూజెర్సీ అప్పీలు విభాగం తీర్పు మొదటి పేజీ పైనే చూడు. చాలావాటి మీద అప్పీలు విభాగం అనుమతి లేకుండా ప్రచురణకు కాదని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. తీర్పు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది, కానీ ఏ కోర్టూ దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. ఆ ఇద్దరి మధ్య గొడవ తేలింది, అంతవరకే. అలాంటి తీర్పు చూసి "ఇకపై అద్దెదారులందరికీ" అని రాశావనుకో, ఎవరో ఒకాయన దాన్ని పట్టుకుని ఇంటి ఓనర్‌తో గొడవకు దిగుతాడు. ఆ కింద ఎవరి మీద ఎవరు, వాదనలు ఎప్పుడు విన్నారు, తీర్పు ఎప్పుడిచ్చారు, ఏ జడ్జీలు, ఏ కౌంటీ నుంచి వచ్చింది అన్నీ ఉంటాయి. మిడిల్‌సెక్స్ కౌంటీ అని కనిపిస్తే మన ఎడిసన్ చుట్టుపక్కలదే. అది చూశాక సరాసరి ఆఖరి పేజీకి వెళ్ళు. సమర్థించారా, రద్దు చేశారా, కొంత ఉంచి కొంత తీసేశారా, కింది కోర్టుకు తిప్పి పంపారా, పంపితే ఏం చేయమని? అది ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు మొదటినుంచి చదువు. కథ మోజులో పడి దారి తప్పవు.

చదివేటప్పుడు ఇంకోటి వెతుకు. కింది జడ్జి నిర్ణయాన్ని తాము ఎంతవరకు ప్రశ్నించగలమో పై కోర్టు ఎక్కడో ఒకచోట చెబుతుంది. చట్టం అర్థం గురించిన ప్రశ్నయితే కింది జడ్జి మాటకు విలువివ్వక్కర్లేదు, తాజాగా చూస్తారు. పిల్లల కస్టడీ, భరణం లాంటి వాటిలో కింది జడ్జి విచక్షణకు చాలా చోటిస్తారు. అప్పుడు "సమర్థించింది" అంటే అదే సరైన నిర్ణయమని ఒప్పుకున్నట్టు కాదు, తాము జోక్యం చేసుకునేంత తప్పు కనిపించలేదని. ఓడిపోయిన తండ్రి గురించో తల్లి గురించో రాసేటప్పుడు ఈ తేడా చెప్పడం వాళ్ళకు నువ్వు చేసే న్యాయం.

కోర్టుల పేర్ల దగ్గర జాగ్రత్త. న్యూయార్క్‌లో సుప్రీం కోర్టంటే విచారణ జరిగే కోర్టు, అందరికన్నా పైనున్నది ఆల్బనీలోని కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. టెక్సస్‌లో అత్యున్నత కోర్టులు రెండు, సివిల్‌కు ఒకటి, క్రిమినల్‌కు ఒకటి. మేరీలాండ్ 2022 డిసెంబరులో తన రెండు అప్పీలు కోర్టుల పేర్లూ మార్చేసింది. ఏ రాష్ట్రమో, ఏ మెట్టో రాయకుండా "అమెరికా కోర్టు" అని మాత్రం రాయకు.

ఇక కుటుంబ కేసులు. గృహహింస కేసుల్లో న్యూజెర్సీ కోర్టులు అసలు పేర్లు రాయవు, పొడి అక్షరాలే వాడతాయి. మన సమాజం చిన్నది. ఊరు, ఉద్యోగం, పిల్లల వయసు చూసి ఎవరో గుర్తుపట్టేస్తారు. తీర్పులో ఉన్నా సరే, అలాంటి వివరాలు నువ్వు వదిలెయ్యి. కథ పలచబడుతుందని బాధపడకు. ఎవరో గుర్తుపడితే ఆ ఆడమనిషి మళ్ళీ గుడికి కూడా వెళ్ళలేని పరిస్థితి వస్తుంది.

2010లో అప్పీలు విభాగం ఇచ్చిన ఒక తీర్పు గురించి నువ్వు తప్పకుండా రాయాలి. ఎస్.డి. వర్సెస్ ఎం.జె.ఆర్. అని ఉంటుంది. మొరాకోలో పెద్దలు కుదిర్చిన పెళ్ళి, న్యూజెర్సీలో కాపురం, కొట్టడం, బలవంతం. భార్య రక్షణ ఉత్తర్వు అడిగింది. హింస జరిగిందని కింది జడ్జి ఒప్పుకున్నాడు. కానీ భార్య ఇష్టంతో పని లేకుండా కలవడం తన మత విశ్వాసం ప్రకారం హక్కని భర్త అనుకున్నాడు కాబట్టి అతనికి నేరం చేసే ఉద్దేశం లేదని, ఉత్తర్వు ఇవ్వనన్నాడు. పై కోర్టు దాన్ని తోసిపుచ్చింది. విశ్వాసం పేరుతో నేరం నేరం కాకుండా పోదని తేల్చి, ఆమెకు ఉత్తర్వు ఇమ్మంది. మతం వేరు, దేశం వేరు, కానీ "మా ఇళ్ళలో ఇంతే" అనే మాట మన ఇళ్ళలోనూ విన్నదే కదా. ఈ తీర్పు తెలుగులో చదవాల్సినవాళ్ళు ఈ రాష్ట్రంలో ఉన్నారు.

అది రాసినప్పుడు చదివినవాళ్ళ నుంచి నీకు ఫోన్లొస్తాయి, మా కేసులో ఏం చెయ్యమంటావని. నువ్వు లాయరువి కావు, సలహా ఇవ్వకు. తుది తీర్పు వచ్చిన రోజు నుంచి న్యూజెర్సీలో అప్పీలుకు గడువు సాధారణంగా 45 రోజులే, వేరే రాష్ట్రాల్లో లెక్క వేరని చెప్పి, వెంటనే లాయరును కలవమను. డబ్బు లేనివాళ్ళకు లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ ఉంది. ఇంట్లో హింస పడుతున్న దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం 1985 నుంచి ఈ రాష్ట్రంలోనే పనిచేస్తున్న మానవి సంస్థ ఉంది. ఆ రెండు పేర్లూ, వాళ్ళ ఫోన్ నంబర్లూ, అచ్చు వేసేముందు స్వయంగా ఫోన్ చేసి సరిచూసుకుని, ఆ వ్యాసం కింద పెద్ద అక్షరాల్లో వెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాష్టారు