నాటకం ముందా, కెమెరా ముందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. మూడేళ్లుగా కాలేజీ నాటకాల్లో వేషాలు వేస్తోంది. నటిని అవుతానని పట్టుబడుతోంది. సినిమాల్లోకి వెళ్లే పిల్లకు నాటకాలెందుకు, కాలం వృథా అని బంధువులు అంటున్నారు. మేమేం చేయాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, బంధువుల మాట కాసేపు పక్కన పెట్టండి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి నాటకాల నుంచి వచ్చినవారే. నేపథ్య గానం లేని ఆ రోజుల్లో పాడుతూ నటించగలిగిన వాళ్లు కావాలంటే నాటక సమాజాల్లోనే వెతకాలి. ఇప్పుడు ఆ అవసరం లేదన్నది నిజమే. కానీ నాటకంతో పని తీరిపోలేదు.

రోహిణి హట్టంగడి సంగతి చూడండి. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో (ఎన్‌ఎస్‌డీ) చదివారు. ‘గాంధీ’ (1982)లో కస్తూర్బా పాత్రను వృద్ధాప్యం దాకా పోషించి బ్రిటన్ సినీ పురస్కారమైన బాఫ్టా అందుకున్నారు. ఆ చిత్రీకరణ నాటికి ఆమె వయసు దాదాపు ముప్పై ఏళ్లు. నాటకంలో ఇది వింతేమీ కాదు. ఇవాళ పదహారేళ్ల పిల్ల, రేపు ముసలమ్మ. సినిమా అలా కాదు, ఒకసారి నప్పిన వేషాన్నే మళ్లీ మళ్లీ తెచ్చి ఇస్తుంది. 1990లో వచ్చిన ‘అగ్నీపథ్’లో ఆమె అమితాబ్ బచ్చన్‌కు తల్లి. ఆయన ఆమెకంటే ఎనిమిదేళ్లకు పైగా పెద్ద! తెర వేసే ఇలాంటి ముద్ర నుంచి ఊపిరి తీసుకోవడానికి నటికి మరో చోటు ఉండాలి. నా దృష్టిలో ఆ చోటు రంగస్థలమే.

సురేఖా సిక్రీ 1971లో అదే విద్యాలయం నుంచి బయటికి వచ్చి, దశాబ్దానికి పైగా దాని రెపర్టరీలో (విద్యాలయం నడిపే నాటక బృందంలో) నాటకాలు వేశారు. మూడుసార్లు జాతీయ చలనచిత్ర పురస్కారం పొందారు. మూడోది తెచ్చిన ‘బధాయీ హో’ విడుదలయ్యేసరికి ఆమె డెబ్బై ఏళ్లు దాటారు. కథానాయిక వయసు దాటితే పని ఉండదని భయపెట్టేవాళ్లకు నేను చెప్పే పేరు ఇదే.

అయితే నాటకం వస్తే కెమెరా దానంతటదే వస్తుందనుకోకండి. రంగస్థలం మీద మాట చివరి వరుసకు చేరాలి; క్లోజప్‌లో కనుబొమ్మ కాస్త ఎక్కువ కదిలినా అతి అనిపిస్తుంది. సినిమాలో కథ ముగింపును మొదటి రోజే తీయవచ్చు. దూరపు షాట్‌లో గ్లాసు కుడిచేత్తో ఎత్తితే, గంట తర్వాత తీసే దగ్గరి షాట్‌లోనూ అదే చేత్తో, అదే మాట దగ్గర ఎత్తాలి. ఒకే సంభాషణను ఫోనులో రెండుసార్లు చిత్రీకరించుకోమనండి, నిలువెత్తున ఒకసారి, ముఖం వరకే మరోసారి. రెండింటిలోనూ ఒకేలా చేస్తే ఏదో ఒకటి తప్పుతుంది. తేడా తనకే తెలుస్తుంది.

డిగ్రీ మాత్రం పూర్తి చేయించండి. ఎన్‌ఎస్‌డీ మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవాన్నీ అడుగుతారు, అంటే మీ బంధువులు వృథా అంటున్న ఆ మూడేళ్లే అర్హతగా పనికొస్తాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో పీజీ ఉంది. కెమెరా నటనకు పుణెలోని జాతీయ సినిమా, టీవీ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐ ఉంది. ప్రవేశ ప్రకటనలు ఏటా చూసుకోవాలి.

ఆదాయం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. నెలనెలా జీతం వచ్చే వృత్తి కాదిది. గొంతు, ఉచ్చారణ బాగుంటే డబ్బింగ్, పిల్లలకు నాటకం నేర్పడం వంటివి ఖాళీ నెలలను గట్టెక్కిస్తాయి. వేషం ఇస్తామంటూ ఎవరైనా ఎదురు డబ్బు అడిగితే అక్కడితో మాట తెంచేయండి.

ఈసారి అమ్మాయి నాటకానికి వెళ్లినప్పుడు ముందు వరుసలో కాకుండా చివరి వరుసలో కూర్చోండి. ఏ మాట వినబడలేదో ఇంటికొచ్చాక చెప్పండి.