వరద శిఖరం లెక్క కన్నా ముందే ఎందుకు చేరింది?

2 మీటర్ల లోతున పారే వెడల్పాటి కాలువలో 36 కిలోమీటర్ల దూరానికి మీరు తొమ్మిదిన్నర గంటలు లెక్కగట్టగా, వరద శిఖరం ఆరు గంటల లోపే దిగువన నీటిమట్టం కొలిచే గేజీకి చేరిందని రాశారు. లోతు, వాలు, గరుకుదనం నుంచి నీటి వేగం చెప్పే మానింగ్ సూత్రంతో మీరు వేసిన లెక్కలో తప్పు లేదు, వాలు 0.0004, గరుకుదనపు గుణకం 0.03 అయితే నీటి సగటు వేగం సెకనుకు 1.06 మీటర్లే. అయితే మీరు నీటి వేగాన్నే అల వేగంగా, అంటే వరద ఉబ్బు దిగువకు కదిలే వేగంగా తీసుకున్నారు.

వరద అల కదలికను లెక్కగట్టే కైనమాటిక్ తరంగ సిద్ధాంతంలో వాలు వెంట లాగే గురుత్వ బలం, అడుగున ఉండే ఘర్షణ సరితూగుతాయని అనుకుంటాం కాబట్టి, ప్రవాహం (సెకనుకు పారే నీటి పరిమాణం) నీటి అడ్డుకోత వైశాల్యం మీదే ఆధారపడుతుంది. దీన్ని నిత్యత్వ సమీకరణంలో (వచ్చిన నీరు, పోయిన నీరు, నిలిచిన నీరు లెక్క సరిపోవాలనే నియమంలో) పెడితే, అల వేగమంటే ప్రవాహాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది కాదని, వైశాల్యంతో పాటు ప్రవాహం పెరిగే రేటు అని తేలుతుంది. మానింగ్ సూత్రంలో ప్రవాహం లోతు యొక్క 5/3 ఘాతంతో మారుతుంది గనుక, అల వేగం నీటి వేగానికి 5/3 రెట్లు, అంటే సెకనుకు 1.76 మీటర్లు. ప్రయాణ కాలం 5.7 గంటలు. (మిసిసిపీ, మిస్సోరీ నదుల విషయంలో సెడన్ 1900లోనే ఈ సంగతి చూపాడు, 1955లో లైట్‌హిల్, విథమ్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచారు.)

నీరు గట్లు దాటి పొలాల్లో పరుచుకుంటే మాత్రం ఉపరితల వెడల్పు ఒక్కసారిగా పెరిగి అల నెమ్మదిస్తుంది; అక్కడ 5/3 వాడకండి. శిఖరం ఎత్తు తగ్గడమన్నది ఈ సమీకరణంలో లేనే లేదు, కనుక మీ కంప్యూటర్ ఫలితంలో కనిపించిన తగ్గుదల లెక్క కోసం కాలువను ముక్కలుగా విడగొట్టిన గ్రిడ్ వల్ల వచ్చిన కృత్రిమ వ్యాపనమే (అల లేనిపోని విధంగా పరుచుకోవడమే).