బాచుపల్లా, కొంపల్లా, కొల్లూరా? ఫ్లాట్ ధర ఒక్కటే చూస్తే తేలదు

ప్రశ్న: మా ఇద్దరి చేతికొచ్చే జీతం కలిపి నెలకు 1.37 లక్షలు. నా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. మా ఆవిడ అమీర్‌పేటలో అకౌంటెంట్, ఆదివారం తప్ప రోజూ డ్యూటీయే. ఇప్పుడు మియాపూర్‌లో 19 వేల అద్దె, రెండున్నర వేల మెయింటెనెన్స్ కడుతున్నాం. పాప యూకేజీ. కారు ఈఎంఐ 11 వేలు, ఇంకా మూడేళ్లుంది. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపితే 22 లక్షలు. సొంతిల్లు కోసం నాలుగు చూశాం. బాచుపల్లిలో కడుతున్న ఫ్లాట్ 75 లక్షలు, కొంపల్లిలో రెడీగా ఉన్నది 72, పోచారంలో ఇండిపెండెంట్ ఇల్లు 68, కొల్లూరులో ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్ముతున్న) ఫ్లాట్ మొత్తం ఒకేసారి కడితే 48. ఖమ్మంలో ఉన్న స్థలం అమ్మి సర్దుతానని నాన్నగారు అంటున్నారు. ఏ ఏరియా మంచిది?

జవాబు: కొల్లూరుతో మొదలుపెడతాను. ఖమ్మం స్థలానికి బేరం కుదిరేలోపే ఈ మాట మీ నాన్నగారి చెవిన పడాలి. వద్దండీ.

కొల్లూరు ఏరియాను నేను తప్పుపట్టడం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది, మీ ఆఫీసుకు ఈ నాలుగింటిలోనూ సుఖమైన దారి అదే. నా అభ్యంతరమల్లా ఆ అమ్మే పద్ధతి మీద. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకముందు ప్రాజెక్టును ప్రచారం చేయడానికీ, బుకింగ్ తీసుకోవడానికీ 2016 నాటి రెరా చట్టం ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో పెట్టాలి. మిమ్మల్ని అడుగుతున్నది ఈ మూడు రక్షణలూ వదులుకుని నూటికి నూరు శాతం ముందే ఇమ్మని. ‘యూడీఎస్ రిజిస్టర్ చేస్తాం కదా’ అని అంటారు. అప్పుడు మీ చేతికొచ్చేది నేలలో విడదీయని వాటా మాత్రమే, ఫ్లాట్ కాదు. అనుమతులు రాకపోతే ఆ వాటాలో మీరు వంటగది కట్టుకోలేరు.

అన్నీ సవ్యంగా జరిగి నాలుగేళ్లలో తాళాలు ఇచ్చారనే అనుకుందాం. 48 లక్షలు 6.5 శాతం ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి 3.12 లక్షల వడ్డీ, నాలుగేళ్లకు దాదాపు 12.5 లక్షలు. ఆ నాలుగేళ్లూ మియాపూర్‌లో అద్దె, మెయింటెనెన్స్ ఇంకో 10.3 లక్షలు. అంటే మీకు చవకగా కనిపిస్తున్న ఫ్లాట్ 71 లక్షల దగ్గర తేలుతుంది. కొంపల్లి ధరకు దగ్గరదగ్గరగా వచ్చేశాం, రిస్కు మాత్రం అంతా మీదే.

ఇక బాచుపల్లి. బ్రోచర్‌లో 75 లక్షలు అన్నారు కదా, దాని మీద జీఎస్టీ 5 శాతం అంటే 3.75 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ అంతా కలిపి 7.5 శాతం, అంటే 5.62 లక్షలు. కబోర్డులు, ఫ్యాన్లు, గ్రిల్స్, గృహప్రవేశం అన్నీ కలిపి ఎంత పొదుపుగా చేసినా ఐదు లక్షలు దాటుతుంది. మొత్తం 90 లక్షల దగ్గర ఆగుతుంది. బ్యాంకు ఫ్లాట్ ధరలో 80 శాతం, అంటే 60 లక్షలు ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చును ఇంటి ధరలో కలిపి అప్పు ఇవ్వరు. మిగిలిన 30 లక్షలు మీ దగ్గర లేవు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ 52 వేలు, కారుతో కలిపి 63 వేలు. జీతంలో 46 శాతం. పైగా ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె కూడా కట్టాలి. పాప స్కూలు ఫీజు నెల వచ్చినప్పుడల్లా ఇంట్లో టెన్షనే.

పన్ను మిగులుతుందనే ఆశతో ఇంత అప్పు చేయకండి. మొదటి ఏడాది వడ్డీయే ఐదు లక్షలు దాటుతుంది. పాత విధానంలో ఉంటే అందులో ఒక్కొక్కరికి రెండు లక్షల వరకే మినహాయింపు, కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి అదీ లేదు.

ఏరియాలను పోల్చడానికి నేను వాడే లెక్క ఒకటుంది. పైన చెప్పిన వడ్డీకి, 20 ఏళ్లకు లక్ష అప్పు మీద ఈఎంఐ సుమారు 870 రూపాయలు. కాబట్టి ఒక ఏరియాలో ఉంటే నెలనెలా అదనంగా ఎంత ఖర్చవుతుందో రాసుకుని, ప్రతి 870కి ఇంటి ధరలో లక్ష కలపండి. కొంపల్లి నుంచి నానక్‌రామ్‌గూడకు రానూపోనూ దాదాపు 60 కిలోమీటర్లు. నెలకు 13 రోజులు, కిలోమీటరుకు కారు ఖర్చు 9 రూపాయలనుకున్నా 7 వేలు. అంటే ఎనిమిది లక్షల అప్పుతో సమానం. మీకు కొంపల్లి ఫ్లాట్ 72 కాదు, 80. మీ ఆవిడకు ఆర్టీసీ టికెట్ ఖర్చు ఉండదు, నిజమే. కానీ సుచిత్ర, బాలానగర్ ట్రాఫిక్‌లో వారానికి ఆరు రోజులు ఎవరు నిలబడాలి? మెట్రో అటు వస్తుందంటున్నారని చాలామంది కొనేస్తున్నారు. మొదటి దశకు 2010లో ఒప్పందం కుదిరితే తొలి రైలు తిరిగింది 2017 నవంబరులో. ప్రతిపాదనలో ఉన్న స్టేషన్‌కు ఇప్పటినుంచే మీరు ఈఎంఐ కట్టనక్కర్లేదు.

పోచారం మీకు కుదరదు. మీ ఆవిడ ఉప్పల్ దాకా వస్తే అక్కడి నుంచి అమీర్‌పేటకు నేరుగా మెట్రో ఉంది. మీరు మాత్రం ఔటర్ మీద వెళ్తే ఘట్‌కేసర్ నుంచి ఆఫీసుకు దాదాపు సగం నగరం చుట్టాలి, టోల్ కూడా కట్టి. మీ ఉద్యోగం ఉప్పల్ వైపు ఉండి ఉంటే ముందు దాన్నే చూడమనేవాడిని.

మీ నాలుగింటిలో నేను దేనికీ ఓటు వేయను. మియాపూర్, హఫీజ్‌పేట్, చందానగర్ మధ్యలో పదీ పన్నెండేళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వెతకండి, బడ్జెట్ 52 లక్షలు. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు రైలు మారే పని లేదు, పాపకు స్కూలు మార్చే పని లేదు, మీ ఆఫీసు దారీ అలవాటైనదే. లెక్క కూడా సరిపోతుంది. 41 లక్షల అప్పుకు ఈఎంఐ 35,600. కారుతో కలిపినా జీతంలో 34 శాతం. చేతి నుంచి 11 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 3.9 లక్షలు పోగా ఏడు లక్షలు మిగులుతాయి. రంగులు, ప్లంబింగ్‌కు రెండు తీసినా ఐదు లక్షలు అత్యవసరానికి ఉంటాయి. వాటిని ముట్టుకోకండి. పాత ఫ్లాట్ అంటే మీ ఆవిడ ముఖం చిట్లించవచ్చు. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉండవు. అవి ఉన్నచోట వాటి కోసం నెలనెలా మెయింటెనెన్స్ కడుతూ ఎంతమంది ఈత కొడుతున్నారో నాకైతే సందేహమే.

పాత ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనరు హాల్లో టైల్స్ చూపిస్తాడు. మీరు ముందు కింద సెక్యూరిటీ గదికి వెళ్లండి. చాలాచోట్ల వచ్చిపోయే ట్యాంకర్లను ఒక రిజిస్టర్‌లో రాస్తారు. ఏప్రిల్, మే పేజీలు తిప్పండి. రోజుకు రెండు మూడు ఎంట్రీలు కనిపిస్తే బోరు ఎండిపోతోందని అర్థం. ఆ ట్యాంకర్ల డబ్బును ఫ్లాట్ల లెక్కన పంచి, పైన చెప్పిన 870 లెక్కలో వేయండి. మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తాయో వాచ్‌మన్ భార్యను అడగండి, అసోసియేషన్ ప్రెసిడెంట్ కంటే ఆవిడ కచ్చితంగా చెబుతుంది. సెల్లార్ గోడల మీద నీటి చారలు ఉన్నాయేమో చూడండి. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగిన సంగతి ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు.

చెరువు దగ్గర్లో ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే మేర), దాని చుట్టూ కట్టకూడని బఫర్ హద్దులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మ్యాపులో చూడకుండా బయానా ఇవ్వకండి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఇది లాయరు ఫీజు కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), బిల్డింగ్ పర్మిషన్, అదనపు అంతస్తు వేశారా అన్నది లాయరు చూస్తారు. బ్యాంకు లోన్ ఇస్తోంది కాబట్టి అన్నీ బాగున్నట్టే అనుకోవద్దు, బ్యాంకు చూసుకునేది తన అప్పును.

ఖమ్మం స్థలం సంగతి. అది మీ నాన్నగారి పెద్దతనానికి ఉన్న ధైర్యం. పైన చెప్పిన బడ్జెట్‌లో ఉంటే దాన్ని అమ్మే అవసరమే రాదు. ఆయన ఇస్తానన్నా వద్దనండి.

నచ్చిన ఫ్లాట్ రెండు మూడు నెలల్లో దొరకకపోతే కంగారు పడి మళ్లీ బాచుపల్లి బ్రోచర్ తీయకండి. మీ అద్దె ఒప్పందం ముగిసేటప్పుడు ఓనరు 5 శాతం పెంచమంటే 950 రూపాయలు, ఒప్పేసుకుని ఇంకో ఏడాదికి రాయించుకోండి. ఆ ఏడాదీ నెలకు 15 వేలు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్)లో వేస్తూ పోతే డౌన్ పేమెంట్ మరో 1.8 లక్షలు పెరుగుతుంది, పెరిగే ఈఎంఐ భారానికి మీ ఇంటి ఖర్చులు తట్టుకుంటాయో లేదో కూడా తెలిసిపోతుంది.