పైపులో గుడగుడ, కింది ఇంటి సీలింగ్‌కు తడి
పాఠకుల ప్రశ్నలు: అక్వేరియం

ప్రశ్న: నమస్కారం సార్. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. హాల్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు అక్వేరియం పెట్టించాం. కింద క్యాబినెట్‌లో సంప్ ఉంది, అంటే ట్యాంకు నీళ్లు దిగే చిన్న తొట్టి, పంపు అందులోనే. ట్యాంకు మూల ఓవర్‌ఫ్లో బాక్స్ (పైనున్న పళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పడే గది), దాని అడుగున అంగుళం పైపు పట్టేలా రెండు రంధ్రాలు. ఒకదాంట్లోంచి నీళ్లు సంప్‌లోకి దిగుతాయి, రెండోదాంట్లోంచి పంపు నీళ్లు పైకి ఎక్కుతాయి. అపార్ట్‌మెంట్ పనులు చూసే ప్లంబర్ సీపీవీసీ పైపు వేసి, దిగే లైనుకు ఇత్తడి గేట్ వాల్వ్ బిగించాడు. పగలు తెలియదు కానీ రాత్రి పదిన్నర దాటిందంటే గుడగుడమని ఒకటే మోత. మా అత్తయ్యగారికి నిద్ర పట్టడం లేదు. వాల్వ్ కొంచెం మూస్తే మోత ఆగుతోంది. పోయిన వారం అలా మూసి పడుకున్నాం. తెల్లారేసరికి నీళ్లు ట్యాంకు అంచు దాటి, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ తడిసింది. ఇప్పుడు ఇంట్లో అందరికీ టెన్షనే. సంప్‌లో మా అబ్బాయి చెర్రీ రొయ్యలు పెంచుతున్నాడు. ఏ పైపు, ఏ వాల్వ్, ఏ ఫిట్టింగులు వేయించాలో చెప్పగలరా?
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రికి చేయాల్సింది చెప్తాను. ఆ వాల్వ్ పూర్తిగా తెరిచేయండి. మోత వస్తే రానివ్వండి, నాలుగు రోజులు అత్తయ్యగారికి వేరే గదిలో పక్క వేయండి. ఒకే ఒక్క పైపు మీద కిందికి దిగే నీళ్లను వాల్వ్‌తో బిగించి పడుకోవడం ఎంత ప్రమాదమో నాకు స్వయంగా తెలుసు.

రాణిగంజ్‌లో పైపుల దుకాణం కౌంటర్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఏ ఫిట్టింగు దేనికి పడుతుందో చీకట్లో చేత్తో తడిమి చెప్పగలిగేవాణ్ని. అయినా మా ఇంట్లో మొదటి ట్యాంకుకు దిగే పైపు ఒక్కటే పెట్టాను. ఓ పెళ్లికి వెళ్లి రాత్రి పన్నెండింటికి తలుపు తీస్తే హాలంతా మడమల లోతు నీళ్లు. వాలిస్నేరియా అనే నీటి మొక్క ఆకు ఒకటి, రిబ్బన్‌లా పొడవుగా ఉంటుంది చూడండి, పైపు నోట్లో మడత పడి ఇరుక్కుంది. నీళ్లు దిగడం ఆగిపోయింది, పంపు మాత్రం ఆగలేదు. కింద వాటాలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆవిడ బియ్యం బస్తా అడుగంతా తడిసిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తడి బస్తా ఎత్తుతుంటే నా చేతులు వణికాయి. ఆ రోజు నుంచి రెండో పైపు లేని ఓవర్‌ఫ్లో నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక మీ మోత సంగతి. పైపులో నీళ్లు, గాలి కలిసి దిగుతున్నాయి. నీళ్లు గాలిని కిందికి లాక్కుపోతాయి, ఆ గాలి ఎల్బో దగ్గర బుడగలుగా పగులుతుంది. అదే గుడగుడ. వాల్వ్ కాస్త మూస్తే పైపు నిండా నీళ్లే ఉంటాయి, గాలికి చోటుండదు, మోత ఉండదు. అంటే మీరు పట్టిన దారి సరైనదే, సగంలో ఆగింది. వాల్వ్ కొంచెం మూసినప్పుడు లోపల మిగిలేది సన్నటి సందు. ఆకు ముక్కో, నత్తో, పాచి జిగురో అక్కడ పట్టుకుంటే చాలు, నీళ్లకు వేరే దారి లేదు. ఆ వేరే దారే రెండో పైపు. ఒకటి వాల్వ్ ఉన్న మెయిన్ పైపు, రెండోది ఏ వాల్వూ లేని ఎమర్జెన్సీ పైపు. చేపలు పెంచేవాళ్లు దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. మూడు పైపుల బీన్ యానిమల్ పద్ధతి కూడా ఉంది, కానీ దానికి మూడు రంధ్రాలు కావాలి. మీ ట్యాంకుకు రెండు చాలు.

మీ అదృష్టం, రెండు రంధ్రాలూ ఉన్నాయి. కొత్తగా గాజు తొలవక్కర్లేదు. రెండింటినీ నీళ్లు దిగడానికే వాడండి. పంపు నుంచి పైకి వచ్చే పైపును ట్యాంకు వెనక నుంచి ఎక్కించి, అంచు మీదుగా రెండు ఎల్బోలతో లోపలికి వంచండి.

పైపు కొనేటప్పుడే చాలామంది మోసపోతారు. దుకాణదారు మోసం చేసి కాదు, కొలతల పేర్లు అలాంటివి. కౌంటర్ దగ్గర చాలా రోజులు ఈ తగాదాలతోనే మొదలయ్యేవి. తెల్ల యూపీవీసీ ప్లంబింగ్ పైపు అంగుళం సైజు బయటి కొలత 33.4 మిల్లీమీటర్లు. పొలాలకు వాడే బూడిదరంగు పైపును బయటి కొలతతోనే పిలుస్తారు, 32 అంటే బయట 32 మిల్లీమీటర్లే. మీ ఇంట్లో ఉన్న మీగడరంగు సీపీవీసీ అంగుళం పైపు బయటి కొలత 28.6. మూడింటినీ జనం అంగుళం పైపు అనే అడుగుతారు. తెల్లపైపు సాకెట్‌లో బూడిదరంగు పైపు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ తేడాతో వదులుగా కూర్చుంటుంది. ప్లంబర్ పైపులు అతికించే సొల్యూషన్ దండిగా పూసి సరిపెడతాడు. ఆర్నెల్ల తర్వాత కారుతుంది. 40 అని అడిగినా ఇదే గోల: తెల్లపైపులో 40 అంటే ఒకటిన్నర అంగుళం, బయట 48.3. బూడిదరంగులో 40 అంటే బయట 40. కాబట్టి ట్యాంకు నిపుల్ (గాజు రంధ్రంలో నట్‌తో బిగించే మర ముక్క) నుంచి చివరి ఎల్బో దాకా తెల్ల యూపీవీసీయే, వీలైతే ఒకే కంపెనీది తీసుకోండి. పైపు మీద లెడ్ ఫ్రీ అన్న అచ్చు చూసుకోండి. ఫిట్టింగులు కొనడానికి వెళ్లేటప్పుడు కొత్త తెల్లపైపు బెత్తెడు ముక్క సంచిలో వేసుకెళ్లండి, నోటితో చెప్పేదానికంటే అదే సరిగ్గా పని చేస్తుంది.

సీపీవీసీ నీళ్లకు చెడ్డదేం కాదు. కానీ అంగుళం సైజులో దాని లోపలి దారి తెల్లపైపు కంటే సన్నం. మెయిన్ లైనుకు దారి ఎంత ఉంటే అంత మంచిది.

ఇత్తడి వాల్వ్ తీసేయండి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి రొయ్యలకు విషం. మీ అబ్బాయి రొయ్యలు పెంచే నీళ్లలో రాత్రింబగళ్లు నానే ఇత్తడి ముక్క ఉండకూడదు. ప్లాస్టిక్ గేట్ వాల్వ్ అడగండి. వీధి చివరి శానిటరీ షాపులో ఉండకపోవచ్చు, అక్వేరియం సామాన్లు తెప్పించేవాళ్ల దగ్గర గానీ, ఫ్యాక్టరీలకు వాల్వులు అమ్మేవాళ్ల దగ్గర గానీ అడగండి. గేట్ వాల్వ్ ఎందుకంటే, అది పూర్తిగా మూతపడటానికి పిడి చాలా చుట్లు తిరగాలి. అందుకే వెంట్రుకవాసి తేడా కూడా సర్దుకోవచ్చు. బాల్ వాల్వ్ పావు చుట్టుకే మూతపడుతుంది, వేలితో తాకితే నీటిమట్టం రెండు అంగుళాలు మారిపోతుంది. గేట్ వాల్వ్ దొరక్కపోతే బాల్ వాల్వ్ పిడికి అడుగు పొడవు సన్న పైపు ముక్క తొడగండి. పిడి పొడవు పెరిగితే చెయ్యి కొంచెం కదిపినప్పుడు వాల్వ్ ఇంకా కొంచెమే కదులుతుంది. నేను ఏడాదిన్నర అలాగే నడిపాను. వాల్వ్ ఏదైనా సరే కింద, సంప్‌కు దగ్గరగా, చెయ్యి అందేచోట పెట్టించండి.

ట్యాంకు నిపుల్ కింద ఒక యూనియన్ (విప్పి మళ్లీ బిగించుకునే జోడింపు), వాల్వ్ దిగువన ఇంకో యూనియన్ వేయించండి. ఇవి లేకపోతే రేపు వాల్వ్ శుభ్రం చేయాలంటే పైపు కోయాల్సిందే. మీ ఏరియాలో బోరు నీళ్లయితే తెల్లటి ఉప్పు పేరుకుని గేట్ వాల్వ్ కదలకుండా బిగుసుకుంటుంది, నెలకోసారి రెండు చుట్లు తిప్పి మళ్లీ పాత చోటికి తెండి. మలుపులకు 90 డిగ్రీల ఎల్బో బదులు 45 డిగ్రీలవి రెండు వేస్తే నీళ్లు సాఫీగా జారతాయి. బాక్స్ లోపల నిలువుగా ఉండే పైపులకు మాత్రం సొల్యూషన్ రాయొద్దు. నిపుల్‌లో బిగువుగా దిగేస్తే చాలు, ఎత్తు సర్దాలన్నా, కడగాలన్నా చేత్తో లాగేయొచ్చు.

ఎత్తులు చూడండి. ఎమర్జెన్సీ పైపు నోరు బాక్స్ పళ్ల అడుగు అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల కిందికి ఉండాలి. మెయిన్ పైపు నోరు దానికంటే కనీసం పదిహేను సెంటీమీటర్లు కిందికి ఉండాలి, దానికి జాలీ పెట్టండి. ఎమర్జెన్సీకి వాల్వ్ వద్దు, పైపు సైజు తగ్గించే రెడ్యూసర్ వద్దు, సన్నదైతే సరిపోదు, మెయిన్ ఎంతో అదీ అంతే. సంప్‌లో మెయిన్ పైపు కొస నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లే మునగాలి. లోతుగా ముంచితే కరెంట్ వచ్చి పంపు మొదలైనప్పుడు పైపులో గాలి బయటికి పోలేక సైఫన్, అంటే పైపు నిండుగా నీళ్లు లాగడం, అందుకోదు. ఎమర్జెన్సీ కొస నీళ్లకు పైనే ఉంచండి. దాంట్లోంచి నీళ్లు ధారగా పడి మోత చేస్తే మెయిన్ ఎక్కడో పట్టేసిందని అర్థం. మీకు కావలసిన అలారం అదే.

సర్దడం ఇలా. మెయిన్ వాల్వ్ పూర్తిగా తెరిచి పంపు వేయండి. మోత వస్తుంది. పావు చుట్టు మూయండి, అయిదు నిమిషాలు ఆగండి. బాక్స్‌లో నీళ్లు పైకి వస్తాయి. మళ్లీ కొంచెం. తొందరపడితే మట్టం ఊగుతూనే ఉంటుంది. ఒక దశలో గుడగుడ ఠక్కున ఆగిపోతుంది, పంపు హమ్ మాత్రమే వినిపిస్తుంది. నీళ్లు ఎమర్జెన్సీ నోటి అంచును తాకి, సన్నటి పొరలా దాని లోపలి గోడ వెంట జారుతుంటే అక్కడ ఆపేయండి. నేను మొదటిసారి అది సరిగ్గా కుదిరిన రాత్రి క్యాబినెట్ తలుపు తీసి చెవి పెట్టి విన్నాను. అంత నీళ్లు దిగుతున్నాయంటే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడే పడుకోకండి. మెయిన్ వాల్వ్ పూర్తిగా మూసేసి అరగంట పక్కనే కూర్చోండి. పంపు పంపే నీళ్లన్నీ ఎమర్జెన్సీ ఒక్కటే దించాలి. దించలేకపోతే పంపు తగ్గించాలి. పంపు డబ్బా మీద ఉండే అంకె నమ్మొద్దు, అంత ఎత్తు ఎక్కించాక చాలా తగ్గుతుంది. పంపు నుంచి పైకి వచ్చే పైపును అంచు మీదుగా లోపలికి వంచక ముందే దాని కొసను 20 లీటర్ల నీళ్ల క్యాన్‌లో పెట్టి ఫోన్‌లో టైం చూడండి. 30 సెకన్లలో నిండితే గంటకు 2,400 లీటర్లు. మీ ట్యాంకు దాదాపు 340 లీటర్లు, కాబట్టి అది ధారాళం.

కరెంట్ పోయినప్పటి లెక్క కూడా చేయండి. మీ ట్యాంకులో ఒక సెంటీమీటర్ మట్టం అంటే సుమారు 5.5 లీటర్లు. పంపు ఆగాక మూడు సెంటీమీటర్లు దిగితే 16 లీటర్లకు పైనే సంప్‌లోకి వస్తుంది, బాక్స్ నీళ్లు అదనం. సంప్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. పైకెళ్లే పైపుకు ట్యాంకులో నీటిమట్టానికి కాస్త దిగువన చిన్న రంధ్రం వేయండి. మట్టం దిగగానే అది గాలి పీల్చి వెనక్కి లాగడం ఆపుతుంది. నీళ్లు వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు, దాని రెక్కలో పాచి పట్టిందంటే మూసుకోదు. ఇంకో మాట. రెండు పైపులూ పట్టేసినా సరే, సంప్‌లో పంపు ఉన్న గదిలోని నీళ్లు మొత్తం పైకి వచ్చినా ట్యాంకు అంచు దాటకూడదు. అంచుకు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే ఆ గదిలో పంపు లాగగలిగే నీళ్లు 16 లీటర్లకు మించకుండా అడ్డుపలక ఎత్తు సర్దించండి.

కింది ఫ్లాట్ వాళ్లను ఒకసారి పైకి పిలిచి, ఎమర్జెన్సీ పరీక్ష వాళ్ల ఎదురుగానే చేసి చూపించండి.

ప్రశ్న: పాత మూడడుగుల ట్యాంకు అడుగున ఓవర్‌ఫ్లో కోసం రంధ్రం వేయిద్దామనుకుంటున్నాను. అంగుళం ట్యాంకు నిపుల్‌కు ఎన్ని మిల్లీమీటర్ల హోల్ సా కొనాలి?
ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: బాబూ, నేను అంకె చెప్పను. అంగుళం నిపుల్ అని అమ్మేవాటిలో మర బయటి కొలత కంపెనీకో రకంగా ఉంటుంది. ముందు నిపుల్ కొనండి, వెర్నియర్‌తో మర కొలవండి, దానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్ద డైమండ్ హోల్ సా (గుండ్రంగా తొలిచే రంపం) తీసుకోండి. రంధ్రం పెద్దదైతే వాషర్ గాజును పట్టదు, అప్పుడు ట్యాంకు అడుగే మార్చాలి.

దానికంటే ముందు ఆ గాజు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినది) అవునో కాదో చూడాలి. టఫెన్డ్ గాజు తొలిస్తే మొత్తం పొడి పొడి అయిపోతుంది. గాజుకు ఒక వైపు ఫోన్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో తెల్ల స్క్రీన్ పెట్టి, రెండో వైపు నుంచి పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూడండి. కళ్లద్దాలు తిప్పుతుంటే మచ్చలు, చారలు కనిపిస్తే అది టఫెన్డ్, వదిలేయండి. మామూలు గాజైతే రంధ్రానికి, అంచుకు మధ్య కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉంచండి. డ్రిల్ హ్యామర్ మోడ్‌లో పెట్టొద్దు, నెమ్మదిగా తిరగాలి, నీళ్లు పడుతూనే ఉండాలి. చివర గాజు తెగే ముందు చెయ్యి బరువు తీసేయండి, అక్కడే పెచ్చు లేస్తుంది. వాషర్ నీళ్ల వైపు, నిపుల్ తలకు, గాజుకు మధ్య రావాలి. నట్ చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు. రెంచ్‌తో బలంగా తిప్పితే గాజు పగులుతుంది.

ప్రశ్న: సొల్యూషన్ పూసిన ఎంతసేపటికి నీళ్లు వదలొచ్చు? మా ప్లంబర్ పది నిమిషాలు చాలంటున్నాడు.
ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: పది నిమిషాలకు అతుకు పట్టుకుంటుంది, కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. బాత్రూం లైనుకు, చేపల ట్యాంకుకు తేడా ఉందమ్మా. 24 గంటలు ఆగండి. తర్వాత చేపలు లేకుండా మామూలు నీళ్లతో పంపు ఒక పూట తిప్పి, ఆ నీళ్లు పారబోయండి. యూపీవీసీకి యూపీవీసీ సొల్యూషనే తెప్పించండి, డబ్బా మీద చదివి మరీ తీసుకోండి. మర ఉన్నచోట సొల్యూషన్ పూయనివ్వొద్దు, అక్కడ టెఫ్లాన్ టేప్ చుట్టిస్తే చాలు.