షెడ్డులో విమానం కట్టడానికి ఆనందపురం స్థలం అమ్మాలా?

ప్రశ్న: నా వయసు 48. పరవాడ ఫార్మాసిటీలోని ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజినీరును. ఏడాదికి 18 లక్షల జీతం. మా ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు, అమ్మాయి ఇంటర్ చదువుతోంది. గాజువాకలో సొంత ఇల్లు, పక్కన రేకుల షెడ్డు ఉన్నాయి. అమెరికా నుంచి కిట్టు తెప్పించుకుని రెండు సీట్ల తేలికపాటి విమానాన్ని స్వయంగా కట్టుకోవాలన్నది నా చిరకాల కోరిక. కిట్టు 32,000 డాలర్లు, ఇంజను, ప్రొపెల్లరు 28,000, మీటర్లు, రేడియో 9,000. డాలరు 88 రూపాయల లెక్కన దాదాపు 61 లక్షలు. కిట్టు మొత్తం సొమ్ము ఒకేసారి కడితే 6 శాతం తగ్గిస్తామని, గడువు దాటితే ధర పెరుగుతుందని కంపెనీ చెబుతోంది. వారి కొటేషన్ జత చేశాను. 2012లో 9 లక్షలకు కొన్న ఆనందపురం స్థలానికి ఇప్పుడు 55 లక్షలు ఇస్తామంటున్నారు. అది అమ్మి, 30 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లలో కొంత తీసి కట్టేయవచ్చా? ఇంజను బదులు కారు ఇంజను మార్చి పెట్టుకుంటే 15 లక్షలు మిగులుతాయని మిత్రుడు అంటున్నాడు. మీ సలహా ఏమిటి?

జవాబు: స్థలం అమ్మవద్దు, డిపాజిట్లు కదపవద్దు, కిట్టు మొత్తానికి ఒకేసారి డబ్బు కట్టవద్దు. విమానం కట్టవద్దని మాత్రం నేను అనడం లేదు. ఇరవై ఏళ్లుగా పంపులు, కంప్రెసర్లు విప్పి బిగిస్తున్న మనిషికి రివెట్టు కొట్టడం రాదని ఎవరూ అనరు. చిక్కంతా డబ్బు పనికంటే ముందు పరుగెత్తడంలో ఉంది.

ముందుగా ఆ 6 శాతం తగ్గింపు సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని తొందరపెడుతున్నది అదే. 32,000 డాలర్లలో 6 శాతం అంటే 1,920 డాలర్లు, మన లెక్కలో దాదాపు 1.69 లక్షలు. కిట్టుకు మీరు కట్టబోయే 28 లక్షలు ఒక్క ఏడాది 7 శాతం వడ్డీతో బ్యాంకులో ఉంటే 1.97 లక్షలు వస్తాయి. ఇలాంటి లోహపు కిట్టుకు 1,200 గంటల పని అనుకుని, ఉద్యోగం చేసుకుంటూ వారానికి 8 గంటలు కేటాయించగలిగితే 150 వారాలు, అంటే దాదాపు మూడేళ్లు పడుతుంది. రెక్కల రేకులు మూడో ఏడు దాకా పెట్టెలోనే ఉండే పక్షంలో, వాటికి ఇవాళ డబ్బు కట్టి సంపాదించే తగ్గింపు మొదటి ఏడాది వడ్డీకి కూడా చాలదు.

ముందుగా మొత్తం కట్టేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఒరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ ఈ రంగంలో చిన్న పేరు కాదు. వారి కిట్లతో కట్టిన విమానాలు పదకొండు వేలకు పైగా ఎగిరాయి. అలాంటి కంపెనీ కూడా, లేజరుతో కోసిన భాగాలలో పగుళ్ల సమస్య, పెరిగిన రవాణా ఖర్చులు ఒకేసారి మీద పడి, 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. తర్వాత కోలుకుంది కానీ, అప్పటికే డిపాజిట్లు కట్టి వరుసలో ఉన్నవారు ఆర్డరు నిలుపుకోవాలంటే పెరిగిన కొత్త ధరకు ఒప్పుకోవలసి వచ్చింది. అమెరికాలో ఉన్నవారి పరిస్థితే అది అయినప్పుడు, గాజువాక నుంచి మెయిళ్లు రాసే మనం ఆ వరుసలో ఎక్కడ నిలబడతామో ఊహించుకోవచ్చు.

ఇక మీ 61 లక్షల అంచనాలో లేనివి. ఓడ రవాణా, బీమా కలిపి 5,000 డాలర్లు అనుకుందాం. కస్టమ్స్ వారు పన్ను లెక్కించేది కిట్టు ధర ఒక్కదానిపైన కాదు, రవాణా, బీమా కలిపిన విలువ పైన. వ్యక్తిగత వినియోగానికి తెచ్చుకునే విమానాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. విమాన విడిభాగాలకు 5 శాతం రేటు ఉన్నా దానికి షరతులున్నాయి. మీ పెట్టె విడిభాగాలా, విమానమా అన్నదే అసలు ప్రశ్న. విడదీసిన రూపంలో వచ్చినా వస్తువుకు దాని ముఖ్య స్వరూపం ఉంటే పూర్తి వస్తువుగానే వర్గీకరించాలని కస్టమ్స్ సుంకాల వ్యాఖ్యాన నియమాల్లో 2(ఎ) చెబుతుంది. కిట్టు మొత్తం ఒకే కంటెయినరులో విశాఖ పోర్టుకు దిగితే, 37,000 డాలర్ల విలువకు అంటే 32.56 లక్షలకు, 40 శాతం చొప్పున 13 లక్షలకు పైగా జీఎస్టీయే కట్టవలసి రావచ్చు. ప్రాథమిక సుంకం ఉంటే అది వేరు. దీనిని తప్పించుకోవడానికి బిల్లుల్లో పేర్లు మార్చమని నేను చెప్పను, ఎవరు చెప్పినా వినకండి. ఆర్డరుకు ముందే పోర్టు దగ్గర ఒక అనుభవమున్న క్లియరింగ్ ఏజెంటుకు ఫీజు ఇచ్చి కూర్చోండి, అవసరమైతే ఏ రేటు వర్తిస్తుందో ముందే తేల్చే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ కోరండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా మీ అంచనా అంచనా కాదు.

డబ్బు పంపే తీరు కూడా బ్యాంకులో ముందే తేల్చుకోవాలి. సరుకు దిగుమతికి చెల్లింపుగా నమోదైతే తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) చూపించవలసి ఉంటుంది. ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం) కింద ఇతర అవసరాలకు పంపిన సొమ్ముగా నమోదైతే, ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగంపై 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, పడుతుంది. అది రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ, అప్పటిదాకా మీ సొమ్ము ప్రభుత్వం దగ్గర ఉంటుంది.

స్థలం అమ్మితే చేతికి 55 లక్షలు రావు. 46 లక్షల లాభంపై 12.5 శాతం పన్ను 5.75 లక్షలు. కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించే ఇండెక్సేషన్‌తో 20 శాతం పద్ధతి మీకు ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా జీతంతో కలిపి ఆ ఏడాది మీ ఆదాయం 50 లక్షలు దాటుతుంది కనుక సర్‌ఛార్జీ, సెస్సు కూడా చేరి, లాభంపై పన్ను ఒక్కటే ఆరున్నర లక్షలు దాటుతుంది. మిగిలేది 48 లక్షల చిల్లర. మీరు చూపిన 61 లక్షలకే అది చాలదు. ఇంకో మూడేళ్లలో అమ్మాయి ఇంజినీరింగు మధ్యలో ఉన్నప్పుడు ఫీజుకు వెతుక్కోవలసినది ఈ స్థలాన్నే, ఈ డిపాజిట్లనే.

ఇంకో లెక్క కూడా మీ ముందు ఉంచుతాను, నచ్చకపోవచ్చు. 61 లక్షలకు 7 శాతం వడ్డీ ఏడాదికి 4.27 లక్షలు, 30 శాతం పన్ను పోగా దాదాపు 3 లక్షలు. శిక్షణ విమానం అద్దె గంటకు 15,000 అనుకుంటే, అసలు ముట్టుకోకుండా ప్రతి ఏడాదీ 20 గంటలు ఎగరవచ్చు. మీకు ఎగరడం ముఖ్యమా, కట్టడం ముఖ్యమా? మీ ఉత్తరం చదివితే కట్టడమే అనిపించింది. అలాగైతే ఈ లెక్క పక్కన పెట్టండి. కానీ ఎగరడానికైనా ప్రైవేటు పైలట్ లైసెన్సు కావాలి, దానికి కనీసం 40 గంటల శిక్షణ ఉండాలి, ఆ ఖర్చు మీ 61 లక్షల్లో ఎక్కడా లేదు.

ఎక్కడ ఎగురుతారన్నది అంతకంటే పెద్ద విషయం. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా ఆవరణలో ఉంది. సొంతంగా కట్టిన విమానాన్ని పరీక్షగా ఎగరవేయడానికి సులువుగా చోటు ఇచ్చే రన్‌వే కాదది. భోగాపురం కూడా పెద్ద విమానాల కోసం తలపెట్టిన విమానాశ్రయమే. కట్టిన విమానాన్ని రెక్కలు విప్పి, లారీలో బెంగళూరు జక్కూరు వంటి చోటికి తీసుకెళ్లి, అక్కడ హ్యాంగరు అద్దె కడుతూ, సెలవు పెట్టి వెళ్లి ఎగరవలసి వస్తే ఏడాది ఖర్చెంత అవుతుందో రాసుకోండి. ముంబయిలో పైలట్ అమోల్ యాదవ్ తమ భవనం మేడపై కట్టిన ఆరు సీట్ల విమానాన్ని 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో చూపించారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ అందింది 2017 నవంబరులో. రిజిస్ట్రేషన్ వేరు, ఎగిరే అనుమతి వేరు. అందువల్ల మీ మొదటి ఖర్చు హైదరాబాదు డీజీసీఏ కార్యాలయానికి రైలు టిక్కెట్టు కావాలి. మీరు ఎంచుకున్న నమూనా ఏ వర్గంలోకి వస్తుంది, పని ఏ దశల్లో చూపించాలి, రెక్క రేకు మూసేముందు ఎవరు తనిఖీ చేయాలి, ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. తనిఖీ కాకుండా మూసిన రెక్కను మళ్లీ విప్పాలంటే వందల రివెట్లు డ్రిల్లుతో తీయాలి.

మీ మిత్రుని కారు ఇంజను సలహాతో నేను ఏకీభవించను. మీ కొటేషన్‌లోని రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజను గరిష్ఠంగా నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతుంది, కానీ ప్రొపెల్లరు అంత వేగంగా తిరగకూడదు కనుక 2.43కు 1 గేరుపెట్టె దానితోనే వస్తుంది. కారు ఇంజనుకు ఆ గేరుపెట్టె, రేడియేటరు, ఇంజను మౌంటు, రెండో ఇగ్నిషన్ మీరే సమకూర్చాలి, తర్వాత అవి సరిగా ఉన్నాయని నిరూపించాలి. 15 లక్షల ఆదా అక్కడే కరిగిపోతుంది. పైగా రేపు అమ్మాలంటే మార్పులు చేసిన విమానాన్ని కొనేవారు తక్కువ. మీటర్ల ప్యానెల్ మీ ఇష్టప్రకారం పెట్టుకోండి, సీటు కుట్టించుకోండి. ఇంజను, రెక్క, నియంత్రణ తీగల జోలికి మాత్రం పోకండి.

అలాగే బోల్టు దగ్గర పొదుపు వద్దు. విమానాలకు వాడే ఏఎన్3 బోల్టు వ్యాసం అంగుళంలో పదహారింట మూడు వంతులు. తలపైన చిన్న గుర్తు ఉంటుంది, దానితో పాటు ధ్రువీకరణ కాగితం వస్తుంది. పూర్ణామార్కెట్ దగ్గర హార్డ్‌వేరు కొట్టులో పది రూపాయలకు దొరికే బోల్టు పక్కన పెడితే రెండూ ఒకేలా కనబడతాయి, మీ చేతికి కూడా తేడా తెలియదు. మీరు డబ్బు పెడుతున్నది ఆ కాగితానికి. బిల్లులు, ఫొటోలు తేదీలవారీగా ఒక ఫైలులో పెట్టండి. తనిఖీకైనా, అమ్మకానికైనా విమానం విలువలో సగం ఆ ఫైలుదే.

మన ఊరి ఉప్పు గాలి సంగతి కూడా ఖర్చుల్లో రాయాలి. లాసన్స్ బే కాలనీలో మా ఇంటి అల్యూమినియం కిటికీకి స్టీలు స్క్రూ తగిలిన ప్రతి చోటా తెల్లటి పొక్కు లేస్తుంది. గోరుతో గీకితే పొడి రాలి కింద గుంట కనబడుతుంది. అది రెండు వర్షాకాలాల పని. రెక్క లోపల అది జరిగితే కంటికి కనబడదు. అందుకే ప్రతి భాగానికీ లోపలివైపు ప్రైమరు, షెడ్డుకు సీలింగు, తేమ తీసే యంత్రం, దాని కరెంటు బిల్లు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విమానాశ్రయం టెర్మినల్‌నే చీల్చివేసింది, మీ రేకుల షెడ్డు ఎంత. గృహ బీమాలో ఈ సామాను విలువను ప్రత్యేకంగా ప్రకటించి, ఒప్పుకుంటారో లేదో కంపెనీ నుంచి రాయించుకోండి.

బీమా అన్నాను కనుక, మీ టర్మ్ పాలసీ తీసి ప్రమాద మరణ రైడరు షరతులు చదవండి. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడిగా తప్ప ఇతరత్రా విమానయానంలో జరిగిన ప్రమాదానికి సాధారణంగా ఆ రైడరు వర్తించదు. మూల పాలసీకి కూడా మీ కొత్త వ్యాపకాన్ని తెలియజేసి, జవాబు దాచుకోండి. ఆ ఉత్తరం మీ ఆవిడకు తెలిసిన చోట ఉండాలి.

ఇప్పుడు చేయవలసింది. మీ కొటేషన్‌లోనే తోక భాగం కిట్టు విడిగా 3,400 డాలర్లని ఉంది, అంటే 3 లక్షలు. పన్నులు, రవాణా, క్లెకోలు (రివెట్టు కొట్టేదాకా రేకులను పట్టి ఉంచే తాత్కాలిక పిన్నులు), రివెట్ గన్, డ్రిల్లు కలిపి 6 లక్షల లోపు తేలాలి. జీతంలో నెలకు 45,000 పక్కన పెడితే ఏడాదికి 5.4 లక్షలు, డీజీసీఏ, కస్టమ్స్ కాగితాలు తెచ్చుకునేసరికి ఆ డబ్బు సిద్ధమవుతుంది. తోక పూర్తయ్యాకే రెక్కలు, రెక్కలయ్యాకే శరీరం. ఇంజను అన్నిటికంటే చివర, ఎందుకంటే పెట్టెలో ఉన్నా దాని వారంటీ కరుగుతుంది, రబ్బరు గొట్టాలు అయిదేళ్లకు ఎగిరినా ఎగరకపోయినా మార్చవలసిందే. 2014లో దాదాపు 60 ఉన్న డాలరు 2024కు 83 దాటింది, ఏడాదికి సగటున దాదాపు 3.3 శాతం; మిగిలిన కొనుగోళ్ల అంచనాకు ఏటా కనీసం అంత కలుపుకోండి. తోక దగ్గరే మానేస్తే ఆ కిట్టు వరకే నష్టం, ఆనందపురం పట్టా బీరువాలోనే ఉంటుంది. కంపెనీకి ఈ వారమే మెయిలు రాసి, మొత్తం చెల్లింపు కుదరదని, తోక కిట్టు ఒక్కదానికి ఇప్పటి ధర ఎన్నాళ్లు నిలుపుతారని అడగండి.